బంగారం కాంటాలో సీసపు గుండ్లు

పంజాగుట్టలో ఓ నగల దుకాణంలో తూకం బల్ల దగ్గర కూర్చునే మహిపాల్‌కి చేతిలో ఒక గొప్ప, కడుపులో ఒక తెగులు ఉన్నాయి. గొప్ప ఏమిటంటే, మిల్లీగ్రాము తేడా కూడా అతని కన్ను దాటిపోదు. తెగులు అసూయ. అదీ ఎవరి మీదో అయితే సరిపెట్టుకోవచ్చు, కట్టుకున్న పెళ్లాం మీద.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య, ఓ కాంప్లెక్సు మూడో అంతస్తులో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ క్లబ్బు ఉంది. మహిపాల్ ఆరేళ్లుగా ఆదివారాలన్నీ అక్కడే గడిపాడు. అక్కడ పేల్చేవి సీసపు గుండ్లు, డబ్బాలో అయిదు వందలుంటాయి. చూడ్డానికి అన్నీ ఒకటే, తూస్తే మాత్రం దేని బరువు దానిది. ఒకటి బరువెక్కినా, ఒకదాని అంచు నొక్కుకుపోయినా గురి చెదురుతుంది. అందుకని మహిపాల్ మధ్యాహ్నం బేరం పలచబడ్డాక, సేటు ఒప్పుకుంటే, వాటిని బంగారం కాంటా మీద ఒక్కొక్కటే తూచి వేరు చేసేవాడు. క్లబ్బులో అందరికీ గుండ్లు ఏరి పెట్టేది అతనే.

ఏరినవి మంచివో కావో తేల్చడానికీ ఒక పద్ధతుంది. రైఫిల్‌ని బల్లకున్న ఇనుప పట్టులో కదలకుండా బిగించి, ఒకే బిందువు మీదికి అయిదు గుండ్లు కొట్టాలి. మనిషి చెయ్యి లేదు, వణుకు లేదు. తప్పొస్తే గుండుదే. మంచివైతే అయిదూ కలిసి అట్ట మీద బఠాణీ గింజంత చిల్లు పడుతుంది.

ఆ పెళ్లాం చంద్రికని క్లబ్బుకి రప్పించింది కూడా ఈ మహానుభావుడే. ఇంటి దగ్గర జాకెట్లు కుట్టుకునే మనిషి, ఒక ఆదివారం ఇతను మరిచిపోయిన తాళంచెవి తెమ్మంటే వచ్చింది. కోచ్ అచ్యుతరావు గారు సరదాకి రైఫిల్ చేతికిచ్చారు. సూదికి దారం ఎక్కించేటప్పుడు ఊపిరి బిగబట్టే అలవాటు ఆమెకి అక్కరకొచ్చింది. మూడో గుండు నడిమధ్యలో దిగింది. మహిపాల్ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఏకు మేకవుతుందని అప్పుడు తెలియలేదు పాపం.

ఏడాది తిరిగేసరికి ఇద్దరి స్కోర్లూ ఒకటయ్యాయి. ఆ తర్వాత ఆమెది ఒకటి ఎక్కువ, రెండు ఎక్కువ. క్లబ్బులో కొత్తగా చేరినవాళ్లు అతన్ని "చంద్రికక్క వాళ్లాయన" అనడం మొదలుపెట్టారు. ఆ మాట విన్నరోజు అతనికి అన్నం సయించలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట్లో గెలవడమే ఇంత కష్టమని వాళ్లు చెప్పలేదు. ఆమె నిద్రపోతున్నా ఊపిరి ఎంత నెమ్మదిగా తీస్తోందో చూసి కుళ్లుకునేవాడు.

ఇంతలో రాష్ట్ర పోటీలకి క్లబ్బు తరఫున ఒక్కరినే పంపుతామనీ, ఆదివారం నలభై గుండ్ల పోటీలో ఎవరు నెగ్గితే వాళ్లే వెళ్తారనీ అచ్యుతరావు గారు చెప్పారు. ఆరేళ్లుగా మహిపాల్ కలలు కన్న చోటు అది. చంద్రిక క్లబ్బుకి వచ్చి ఏడాదిన్నర కూడా కాలేదు.

బుధవారం దుకాణంలో అతను గుండ్లు ఏరాడు. బరువు కలిసినవన్నీ తన డబ్బాలో వేసుకున్నాడు. చెత్తలో పారెయ్యాల్సినవి, బరువెక్కినవీ తేలికైనవీ అంచులు నొక్కుకుపోయినవీ, ఇంకో డబ్బాలో పోశాడు. సాయంత్రం క్లబ్బుకి వెళ్లి రెండూ పరీక్షించాడు. తనవి బఠాణీ గింజంత చిల్లు చేశాయి. రెండో డబ్బావి చొక్కా గుండీ అంత మేర చెల్లాచెదురయ్యాయి. పొరపాటున జరిగిందనుకోవడానికి వీల్లేకుండా, తను చేస్తున్నదేమిటో కొలిచి మరీ తెలుసుకున్నాడన్నమాట. ఆ డబ్బా మూత మీద చంద్రిక పేరు రాసి, ఇంటికెళ్లి చేతిలో పెట్టాడు.

"అన్ని నేనే తూచిన. ఫికర్ లేకుంట కొట్టు," అన్నాడు.

శనివారం దాకా డబ్బా మార్చేద్దామా అని పదిసార్లు అనుకున్నాడు. అనుకున్నప్పుడల్లా "చంద్రికక్క వాళ్లాయన" అన్న మాట చెవిలో పడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఆదివారం ఇద్దరూ పక్కపక్క వరసల్లో నిలబడ్డారు. మహిపాల్ తన అట్ట కంటే ఆమె అట్టే ఎక్కువ చూశాడు. ఆమె ఎప్పట్లాగే నింపాదిగా కొట్టింది. నలభై అయ్యాక అచ్యుతరావు గారు లెక్క కట్టి చదివారు. మహిపాల్‌కి మూడు వందల డెబ్బై నాలుగు. చంద్రికకి మూడు వందల డెబ్బై మూడు.

అందరూ మహిపాల్ భుజం తట్టారు. అచ్యుతరావు గారు మాత్రం చంద్రిక అట్టలు తిరగేస్తూ, "ఏంటమ్మా, ఎన్నడూ లేనిది ఒకటటూ ఒకటిటూ పోయాయేంటి?" అని అడిగారు. ఆమె నవ్వి, చెయ్యి కుదరలేదంది.

ఇద్దరూ మెట్రో పిల్లర్ల నీడన పంజాగుట్ట వైపు నడిచారు. గెలిచినవాడు కాబట్టి మహిపాల్‌కి జాలి కూడా పుట్టుకొచ్చింది. వచ్చే ఏడు నీదేనని ఓదార్చాడు. రోడ్డు దాటడానికి ఆగినచోట చంద్రిక సంచిలోంచి రెండు అట్టలు తీసి అతని చేతిలో పెట్టింది. ఒకదాని మీద బఠాణీ గింజంత చిల్లు. రెండోదాని మీద గుండీ అంత మేర అయిదు చిల్లులు.

డబ్బా తెరిచిన రోజే అంచుల నొక్కులు వేలికి తగిలాయని చెప్పింది. శుక్రవారం అతను దుకాణంలో ఉన్నప్పుడు, అతని డబ్బాలోంచి ఓ అయిదు గుండ్లు తీసుకుని, తన డబ్బా కూడా పట్టుకుని క్లబ్బుకి వెళ్లిందట. ఇనుప పట్టులో బిగించి రెండూ చూసిందట.

మహిపాల్ అట్టలు రెండూ తిప్పి చూశాడు. "ఎరికయినంక సుత వాటితోనే ఎందుకు కొట్టినవ్? సార్‌కు చెప్తే అయిపోతుండె గదా," అన్నాడు.

"చెప్తే నువ్వు మళ్ల ఆ క్లబ్బు మెట్లెక్కుతుంటివా?" అంది చంద్రిక. "గా చెత్తతోని నీకు ఎంత దగ్గర రాగలుగుతనో చూద్దామనుకున్న. ఒక్క పాయింట్."

ఆ మాట ఆమె కోపంగా అనలేదు, జాకెట్టు కొలత చెప్పినట్టు చెప్పింది. పోటీకి అతన్నే వెళ్లి రమ్మంది. ఇకనుంచి తన గుండ్లు తనే తూచుకుంటానని చెప్పి, సిగ్నల్ పడగానే రోడ్డు దాటేసింది.

మహిపాల్ అట్టలు పట్టుకుని ఇవతలే నిలబడిపోయాడు. సిగ్గుపడాల్సిన సమయమని అతనికి తెలుసు, పడ్డాడు కూడా. కానీ ఆ జనంలోంచి తొణక్కుండా నడిచిపోతున్న ఆమె వీపు చూస్తుంటే, ఆ నిబ్బరం తనకి ఎందుకు లేదని మళ్లీ కడుపు మండింది.