ఇంకో చుక్క ఉంది

మా ఇంట్లో సీసాలు తలకిందులుగా నిలబడి ఉంటాయి. షాంపూ, తేనె, దగ్గు మందు, ఏదైనా సరే అడుగంటిందంటే చాలు, మా ఆయన దాన్ని బోర్లించి గోడకు ఆనిస్తాడు. టూత్‌పేస్టు గొట్టాన్ని కత్తెరతో నిలువునా చీరి, లోపల బ్రష్షు తిప్పుతాడు. మందుల షాపులో పని చేసే మనిషి. చుక్కలు లెక్కబెట్టడం అక్కడితో ఆపేసి ఇంటికి రావచ్చు కదా? రాడు.

సీసాలతో నాకు పేచీ లేదు. పేచీ అంతా నా డ్రైవింగ్ పరీక్ష రోజున వచ్చింది.

ఇంటింటికీ వెళ్ళి రోగులను చూసే నర్సు ఉద్యోగం నాకు వచ్చింది. వచ్చిందంటే సగమే వచ్చింది. కారు లైసెన్సు చూపిస్తే మిగతా సగం. గడువు ఆ రోజుతో సరి. అప్పటికే రెండుసార్లు పరీక్షకి వెళ్ళి, రెండుసార్లూ ఎత్తు మీద బండి ఆపమన్నచోట ఆపి, తిరిగి కదిలించబోయి, ఇంజన్ ఆపేసుకుని తలవంచుకుని వచ్చాను. ఈసారి కూడా తప్పితే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

క్లచ్చు మీద నుంచి కాలు గభాలున తీసేశానని నాకు తెలుసు. ఇన్‌స్పెక్టరుకి తెలుసు. కారెక్కని మా అత్తయ్యకి కూడా తెలుసు. మా ఆయన మాత్రం ససేమిరా ఒప్పుకోడు.

"నీ తప్పేం లేదు. ఇంజన్లో ఆయిల్ పాతబడిపోయింది. అందుకే ఆగిపోతోంది. పరీక్షకి ముందు మార్చేస్తాగా!"

మార్చేస్తాగా అన్నవాడు ముందురోజు మార్చలేదు. పరీక్ష రోజు పొద్దున్నే కారుని జాకీ మీద ఎక్కించి, అడుగు బోల్టు విప్పి, దాని కింద బేసిన్ పెట్టాడు. ఆ బేసిన్ మా అత్తయ్య చేత సబ్బుతో కడిగించి, తుడిపించి, ఎండబెట్టించాడు. ఆయిల్ బొగ్గు రంగులో లావుగా దిగింది. తర్వాత దారమంత సన్నబడింది. తర్వాత ధార తెగి చుక్కలు మొదలయ్యాయి. లోకంలో ఎవరైనా సరే అక్కడ బోల్టు బిగిస్తారు.

మా ఆయన పీట తెచ్చుకున్నాడు.

నేను తల దువ్వుకుని వచ్చాను. "అయిందా అండీ?"

"ఇంకా వస్తోంది."

చీర కట్టుకుని వచ్చాను.

"ఇంకో చుక్క ఉంది."

ఆ ఇంకో చుక్కకి అంతూ పొంతూ లేదు. ఒక చుక్క పడుతుంది. ఇక అయిపోయిందనుకుని మనం ఊపిరి పీల్చుకునేలోపు బోల్టు రంధ్రం అంచున ఇంకోటి ఊరి, వేలాడుతూ మనవైపు చూస్తుంది. మా ఆయన జాకీని తీసి రెండోవైపు పెట్టాడు. కారుని పట్టుకుని ఊపాడు. చివరికి పైనుంచి గ్లాసుడు కొత్త ఆయిల్ పోసి, లోపల పుక్కిలింత కూడా చేయించాడు.

గడపలో కూర్చున్న అత్తయ్య నిట్టూర్చింది. "చిన్నప్పుడు వీడికి పాలగ్లాసు ఇస్తే ఇంతేనమ్మా. తాగడం అయ్యాక అడుగు నాకేవాడు. గ్లాసు ముక్కుకి ఇరుక్కుపోయేది."

"అమ్మా, నువ్వు ఊరుకో! పాతది ఒక్క చుక్క మిగిలినా కొత్తదంతా పాడు."

నాకు ఒళ్ళు మండింది. "పరీక్షకి టైమవుతోంది! ఆయిల్ కోసం నా ఉద్యోగం పోగొడతారా? పోసేయండి ముందు!"

నేను గొంతు పెంచితే మా ఆయనకి కాళ్ళూ చేతులూ ఆడవు. గబగబా లేచాడు. పాత ఆయిల్ గేటు మడతబందులకి పనికొస్తుందని బేసిన్ని భద్రంగా అరుగు మీదకి చేర్చాడు. బానెట్ ఎత్తాడు. కొత్త డబ్బా మూత తీసి గరాటులో గుమ్మరించాడు. డబ్బాని తలకిందులు చేసి, ఎప్పటిలాగే చివరి బొట్టు దాకా ఆగాడు. తర్వాత వంగి కారు కింద తొంగి చూశాడు.

"ఇటు రా, ఇటు రా! ఎంత శుభ్రంగా వస్తోందో చూడు! ఒక్క నలుసు లేదు!"

వంగి చూశాను. తేనెరంగు ఆయిల్ ధారగా నేల మీద పడి, కాలవ కట్టి, మురుగు గుంట వైపు తాపీగా వెళ్తోంది.

"బోల్టేదండీ?"

మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. చొక్కా జేబు తడుముకున్నాడు. దుమ్ము పడకూడదని తెల్లటి గుడ్డలో మడిచి, గుండె మీద పదిలంగా దాచుకున్నాడు మహానుభావుడు.

అత్తయ్య నవ్వడం మొదలుపెట్టింది. నాకు నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది. బళ్ళ సామాన్ల షాపు ఇంకా తెరవలేదు. ఇంట్లో వేరే డబ్బా లేదు. ఆయిల్ లేకుండా ఇంజన్ తిరిగితే అక్కడితో దాని పని సరి. మా ఆయన నేల మీద ఆయిల్ వంక, నా వంక తెల్లమొహం వేసుకుని చూస్తున్నాడు. ఆ క్షణంలో ఆయన్ని కూడా గోడకు బోర్లించాలనిపించింది.

అప్పుడు అరుగు మీది బేసిన్ కనిపించింది.

"బోల్టు బిగించండి," అన్నాను. "అత్తయ్యా, టీ జల్లెడ ఇటివ్వండి."

మా ఆయనకి సంగతి అర్థమై గావుకేక పెట్టాడు. "అది పాతది! పొద్దుటినుంచీ తీశాను!"

"నిన్నటిదాకా దాంతోనే తిరిగాం. ఇవాళ ఒక్కపూట తిరగదా?"

"పొయ్యమ్మా, నువ్వు పొయ్యి," అంది అత్తయ్య, జల్లెడ గరాటు మీద పెట్టి పట్టుకుంటూ.

పొద్దుటినుంచీ దిగిందంతా పైనుంచి మళ్ళీ లోపలికి వెళ్ళింది. మా ఆయన ఏడుపు మొహంతో బేసిన్ని నాతోపాటు పట్టుకున్నాడు. ధార తెగింది. నేను తీయబోతే ఆయన వదల్లేదు. బేసిన్ని ఇంకాస్త వంచాడు.

"ఆగు, ఇంకో చుక్క ఉంది."

అత్తయ్య అయితే కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ కూలబడింది. ఈసారి నాకూ నవ్వొచ్చింది.

డిప్‌స్టిక్ చూశాం. ఆయిల్ గీత దగ్గరే ఉంది. ఒక్క చుక్క వృథా చేయని మనిషి కదా, అందుకే సరిపోయింది. చెవి మీద నల్ల మరకతో ఆయన పక్కన కూర్చుంటే పరీక్ష మైదానం దాకా నేనే నడిపాను.

ఇన్‌స్పెక్టరు నన్ను గుర్తుపట్టాడు. మూడోసారి వచ్చినవాళ్ళని ఎవరు మరిచిపోతారు! మా ఆయన చెవి వంక చూసి, కారెక్కుతూ అడిగాడు.

"ఆయిల్ మార్చారా?"

"ఈ పొద్దున్నే తీసి పోశామండి," అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు.

ఎత్తు మీద ఆపమన్నాడు. ఆపాను. ఇంజన్లో ఉన్నది అదే పాత ఆయిల్. ఇప్పుడు ఆగిపోతే నెపం వేయడానికి మా ఆయనకు పండగే. క్లచ్చు మీద పాదాన్ని మెల్లగా, మా ఆయన బేసిన్ వంచినంత మెల్లగా పైకి తెచ్చాను. బండి ఒక్కసారి వణికింది. వెనక్కి జారలేదు. ఆగలేదు. ఎత్తెక్కేసింది.

పాసయ్యానని కాగితం చేతిలో పెట్టగానే మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. మైదానం మధ్యలో, అందరి ముందూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఆయిల్ చేతులతోనే.

"కొత్త ఆయిల్ అయ్యుంటే ఇంకా సాఫీగా ఎక్కేది," అన్నాడు.

"అదేం వద్దు," అన్నాను. "ఇన్నాళ్ళూ నా తప్పులన్నీ ఆ ఇంజన్ నెత్తిన వేసి నన్ను కాపాడారు. నాకు ఆనందమే. కానీ దీన్ని మాత్రం నాకే వదిలేయండి. బండి ఆపింది నేనే, ఎక్కించిందీ నేనే."

ఆయన "సరే," అన్నాడు. మా ఆయన అంత తొందరగా ఒప్పుకోవడం అదే మొదటిసారి.

ఆ ఆదివారం షాపు నుంచి కొత్త డబ్బా తెచ్చాడు. మళ్ళీ జాకీ, మళ్ళీ బేసిన్, మళ్ళీ పీట. నేను యూనిఫాం వేసుకుని, మందుల సంచీ భుజాన తగిలించుకుని వచ్చేసరికి ధార తెగి చుక్కలు పడుతున్నాయి. అవతల ఓ ముసలాయన కట్టు మార్చడానికి నాకోసం ఎదురుచూస్తున్నాడు. నేను చెయ్యి చాపాను.

"బోల్టు ఇవ్వండి."

ఆయన జేబు మీద చెయ్యి వేసుకుని బతిమాలుతున్నట్టు చూశాడు. "ఇంకో చుక్క ఉంది."

"ఉండనివ్వండి," అన్నాను. "నేను పాసైంది దాంతోనే."