ఆగయ్య పేరు మీది పర్మిషన్

పోలీసు ఠాణా ముందు నుంచి పోవాల్సి వస్తే రోడ్డు దాటి అవతలి పక్కన నడిచే మనిషి ఆగయ్య. గుజరాత్‌లోని భేస్తాన్‌లో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేస్తూనే తల నెరిసింది గానీ, ఖాకీ బట్ట కనబడితే ఇప్పటికీ నోట్లో తడి ఆరిపోతుంది. అలాంటివాడు తనంతట తానే ఠాణాకు పోయి, ఎల్లమ్మ కథ చెప్పించడానికి తన పేరు మీద పర్మిషన్ తెచ్చుకున్నాడంటే అది భార్య చిన్నవ్వ మొక్కు పుణ్యం.

కిందటేడు కరోనా వచ్చి అతను ఊపిరాడక ఆస్పత్రిలో పడి ఉంటే ఆమెను లోపలికి రానివ్వలేదు. బయట ఎండలో నిలబడి కొంగు పట్టింది. "అవ్వా ఎల్లమ్మా, ఈనె పానంతోని ఇంటికొస్తే ఒగ్గోళ్లను పిలిచి నీ కథ చెప్పిస్త. బోనమెత్తి నీ ముంగట నేల మీద కల్లు సాక పోస్త" అంది. ఆగయ్య ఇంటికొచ్చాడు. దేవత తన వంతు చేసింది, ఇక వీళ్ల వంతు మిగిలింది. మందు చుక్క దొరికితే జైలనే గుజరాత్‌లో కూర్చుని అమ్మవారికి కల్లు మొక్కుకోవడం మనవాళ్లకే చెల్లింది.

ఠాణాలో జమాదారు షరతులన్నీ చదివాడు. కథ పగలే కావాలి, మాస్కులుండాలి, జనం ఎడంగా కూర్చోవాలి. చివర్లో పెన్ను ఆగయ్య ఛాతీ వైపు తిప్పాడు. "దారూ గీరూ కనబడిందో, పర్మిషన్ ఎవడి పేరు మీదుందో వాడినే లోపలేస్తా" అన్నాడు. ఆ రాత్రి ఆగయ్యకు అన్నం సయించలేదు.

"బెల్లం నీళ్లు పోద్దాం తియ్యే. మన తిప్పలు అమ్మకు తెల్వయా?" అన్నాడు భార్యతో.

"కల్లని మొక్కిన. మాట తప్పితే నిన్ను మల్ల మంచాల ఏస్తదేమో. నాకు భయమైతుందయ్యా" అంది చిన్నవ్వ. ఆ మాట మీద ఆమె ఏడ్చింది. ఇటు పోలీసులు, అటు ఎల్లమ్మ. ఎవరికి ముందు భయపడాలో అతనికి తెలియలేదు.

దారి చూపింది పక్కింటి సారక్క. చలికాలం పొద్దున్నే లైసెన్సు ఉన్న దుకాణంలో నీరా అమ్ముతారు. చెట్టు నుంచి దింపిందే, ఇంకా పులియనిది, మత్తుండదు. "కల్లైనా నీరా అయినా గా చెట్టుదే గదా. అమ్మ అర్థం జేస్కుంటది" అంది సారక్క. చిన్నవ్వ గుడ్లనీళ్లు తుడుచుకుని ఒప్పుకుంది. ఆగయ్యకు ప్రాణం లేచొచ్చింది.

కథ చెప్పించే రోజు తెల్లవారుతూనే నీరా తెచ్చి కొత్త కుండలో పోసి, కుండ మెడకు వేపాకు కట్టి, గల్లీ చివరి ఖాళీ జాగాలో పసుపు పూసిన ఎల్లమ్మ రాయి ముందు పెట్టారు. అంతా పొద్దున్నే అయిపోవాలి. కానీ ఒగ్గు కథ చెప్పే బుచ్చిరాములు బృందం వస్తున్న బస్సును దారిలో కడోదరా దగ్గర ఆపి, అందరి ముక్కుల్లో పుల్లలు పెట్టి పరీక్షలు మొదలుపెట్టారు. ఒగ్గాయన వచ్చి ముగ్గులతో పట్నం వేయనిదే సాక పోయరాదని చిన్నవ్వ పట్టుబట్టింది. ఎండ ముదిరింది. ఎండలో పెట్టిన నీరా ఏమవుతుందో తెలంగాణలో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? ఆగయ్యకు మాత్రం లైసెన్సు ఒక్కటే గుర్తుంది, ఎండ సంగతి మతిలోనే లేదు.

మిట్టమధ్యాహ్నం ఒగ్గువాళ్లు దిగి పట్నం వేస్తుండగా చూశాడు. కుండ మూతి దాటి నురగ పొంగుతోంది. వేపాకు తడిసి కారుతోంది. ఆ పుల్లటి కల్లు వాసన చిన్నప్పటి నుంచీ ఎరిగిందే. కుండ ఎత్తుకుపోయి మోరీలో పారబోద్దామని వంగాడు. అప్పుడే గల్లీ మొదట్లో జీపు ఆగింది.

జనాన్ని లెక్కచూసుకోవడానికి వచ్చిన జమాదారు నేరుగా కుండ దగ్గరికే వచ్చాడు.

"నీరా సాబ్. లైసెన్స్ దుకాణంలో కొన్నా" అన్నాడు ఆగయ్య.

జమాదారు మాస్కు కిందికి లాగి వాసన చూశాడు. "నీరాయే అయితే తాగి చూపించు" అన్నాడు.

తాగితే నోరు వాసనేసి దొరికిపోతాడు. అంతకన్నా ఘోరం, అమ్మకు పోయకముందే ఎంగిలవుతుంది. తన ప్రాణం కోసం మొక్కిన మొక్కు తన నోటితోనే చెడుతుంది. ఆగయ్య కదల్లేదు. చిన్నవ్వ కదిలింది. కుండ రెండు చేతులా ఎత్తి, పోలీసుల ముందే పట్నం చుట్టూ ధార పోసింది. "తల్లీ, నా మొక్కు అందుకో. నా పెనిమిటిని సల్లగ సూడు" అంటూ చివరి బొట్టు దాకా వంచింది. నేల పీల్చుకుంది.

సాక్ష్యం కళ్లముందే మట్టిలో కలిసేసరికి జమాదారు ముఖం కందగడ్డయింది. "ఎవరిదీ కుండ?" అని అరిచాడు.

"నాదే" అంది చిన్నవ్వ.

వెంట వచ్చిన కానిస్టేబుల్ ఆమె జబ్బ పట్టాడు. ఆగయ్య ఎట్లా నడిచాడో నడిచి మధ్యలోకి వచ్చాడు. "పర్మిషన్ నా పేరు మీదుంది సాబ్. కుండ కూడా నాదే. ఆమెను విడిచిపెట్టండి." వెనక్కి తిరిగి బుచ్చిరాములుతో, "కథ ఆపకుర్రి బాపూ" అన్నాడు.

ఆగయ్యను ఎక్కించుకుని జీపు కదిలింది. ఆగయ్యకు మోకాళ్లు, చేతులు, పళ్లు ఒక్కతీరుగా వణుకుతున్నాయి. పక్కన కూర్చున్న కానిస్టేబుల్ చూసి చప్పున అంచుకు జరిగాడు. "సాబ్, వీడికి జ్వరం ఉన్నట్టుంది" అన్నాడు. జమాదారు బండి ఆపించి వెనక్కి తిరిగాడు. అతని కళ్లలోనూ భయమే.

"జ్వరమా?" అని అడిగాడు ముందు సీట్లో నుంచే.

ఔనంటే ఇక్కడే దింపేసి పోతారు. కానీ ఆ వెంటనే కరోనా ఉందని గల్లీకి అడ్డంగా బొంగులు కడతారు. కథ నడుమనే ఆగిపోతుంది. చిన్నవ్వను ఏ ఆస్పత్రికి తోలుతారో తెలియదు. ఆ మంచాల మధ్య ఏముంటుందో ఆగయ్యకు తెలుసు.

గల్లీలో డోలు మోగింది.

"జ్వరం కాదు సాబ్. భయం. అంతే" అన్నాడు.

జమాదారు డ్రైవరును పొమ్మన్నాడు. కానిస్టేబుల్ మాత్రం ఠాణా వచ్చేదాకా దగ్గరికి జరగలేదు.