రంగూన్ సర్వీసు

టీచరు ఉద్యోగం కోసం విద్యాశాఖ దఫ్తరుకు విమలాదేవి రావడం అది నాలుగోసారి. మొదటిసారి వచ్చినప్పుడు పెద్ద సాహెబు దౌరా మీద ఊళ్లు తిరుగుతున్నాడన్నారు. తర్వాత ఫారం పాతదన్నారు. కొత్త ఫారం నింపి తెస్తే నీలం సిరాతో రాయకూడదన్నారు. శాలిబండ నుంచి ప్రతిసారీ నడిచే వచ్చింది. ఈసారి నల్ల సిరాతో, కుదురైన ఉర్దూలో రాసిన దరఖాస్తును బల్ల మీద పెట్టి, చెంగుతో మెడ తుడుచుకుంటూ నిలబడింది.

గుమాస్తా షఫీఉద్దీన్ చెడ్డవాడు కాదు. ఆమెకు ఎక్కువ విసుగు తెప్పించేది అదే. కసురుకునే మనిషైతే తానూ నాలుగు మాటలు అనేది. ఆయన లేచి కుర్చీ చూపించేవాడు, మంచినీళ్లు తెప్పించేవాడు, ఆ తర్వాతే కొర్రీ వేసేవాడు.

"అంతా మంచిగున్నది, ఉస్తానీ అమ్మా," అన్నాడు, కాగితం చివరిదాకా చదివి. ఆడ టీచర్లందరినీ ఆయన అలాగే పిలుస్తాడు. "గని సర్వీసు సర్టిఫికెట్ ఏది?"

"రంగూన్ల ఉండె సాబ్. బాంబులు వడ్డ దినం బడి ఆఫీసు మొత్తం కాలిపోయింది. నేను కట్టుబట్టలతోటి ఓడ ఎక్కిన."

"అయితే నకలు తెప్పించున్రి. మీ హెడ్ ఉస్తానీకి ఒక్క ఖత్ రాస్తే అయిపోతది."

"ఎక్కడికి రాయాలె సాబ్? రంగూన్ జపానోల్ల చేతిల ఉన్నది."

షఫీఉద్దీన్ కలం చెవి వెనక పెట్టుకుని ఆలోచించాడు. "టపా పోదా?" అన్నాడు.

విమలాదేవి కళ్లు మూసుకుంది. ఏడో తరగతి పిల్లవాడు ఇలాంటి ప్రశ్న వేస్తే ఏం చేసేదో గుర్తు చేసుకుంది. గోడ మీది పటం దగ్గరికి పిలిచి, వేలితో ఊరు చూపించి, ఓర్పుగా మళ్లీ చెప్పేది. ఇక్కడ గోడకు పటం లేదు.

"పోదు సాబ్. లడాయి నడుస్తున్నది."

"ఇంకొక్క మాట," అన్నాడాయన, మొహమాటపడుతూ. "ముప్పై ఏడు దాకా బర్మా హిందుస్తాన్ల ఉండె. ఆ తర్వాత అలగ్ చేసిన్రు. అంటే మీ సర్వీసు మొదలు నాలుగేండ్లు హిందుస్తాన్ది, మిగిలింది పరాయి ములుకుది. రెండిటికి రెండు ఫారాలు నింపాలె."

"నేను ఒక్కటే బడిల, ఒక్కటే కమ్రాల చెప్పిన. నా కుర్చీ గూడ జరుగలే. దేశం జరిగితే నేనేం జెయ్యాలె సాబ్?"

"మీరన్నది నిజమే అమ్మా," అన్నాడు షఫీఉద్దీన్, నిజంగానే బాధపడుతూ. "గని ఫారాలు మాత్రం రెండు."

ఆమె పుట్టింది శాలిబండలోనే. పెళ్లయ్యాక, 1933లో, భర్త వైకుంఠంతో రంగూన్ వెళ్లింది. అతను అప్పటికే అక్కడ ఒక కలప కంపెనీలో గుమాస్తా. రేవుకు దగ్గరలో ఒక బడి ఉండేది. ఓడల మీద వచ్చి ఆ ఊళ్లో స్థిరపడిన అన్ని దేశాల వాళ్ల పిల్లలూ అందులో చదివేవారు. బర్మా పిల్లలు, చీనా పిల్లలు, ఆర్మేనియన్లు, గుజరాతీలు, తమిళులు, మన తెలుగు మేస్త్రీల పిల్లలు. హెడ్‌మిస్ట్రెస్ మిస్ హార్లీ ఈమెను భూగోళం చెప్పడానికి తీసుకుంది. తొమ్మిదేళ్లు చెప్పింది. నలభై మంది పిల్లలు ఏడు భాషల్లో గొడవపడుతుంటే ఒక్క సుద్దముక్కతో వాళ్లను నోరు మూయించడం నేర్చుకుంది.

బాంబులు పడ్డాక జనవరిలో ఆడవాళ్ల ఓడ మీద మద్రాసు చేరింది. వైకుంఠానికి ఓడలో చోటు దొరకలేదు. అతను అరకాన్ కొండలు నడిచి దాటి, మే నెలలో శాలిబండ గుమ్మం ముందు నిలబడ్డాడు. బతికి వచ్చాడు, అంతే. పాదాలు పుళ్లు పడి నెలల తరబడి మానలేదు. మాట తగ్గిపోయింది. నవ్వు బొత్తిగా లేదు. గాజుల బట్టీ వెనక రెండు గదులు అద్దెకు తీసుకుని ఉంటున్నారు. ఇల్లు నడవాలంటే ఆమె బడికి పోక తప్పదు.

బడి ఉంది. వీధి చివరే ఉంది. ఆడపిల్లల బడి హెడ్ ఖైసర్ బేగం ఈమె కోసం చేతులు చాచి కూర్చుంది. భూగోళం చెప్పే ఆమె మానేసి నాలుగు నెలలైంది. ఆమె బదులు డ్రిల్లు టీచరు చెబుతోంది. పటంలో దక్షిణం కింద ఉంటుంది కాబట్టి నదులన్నీ దక్షిణానికే పారతాయని పిల్లలతో రాయించిందట. అది విన్న రోజు విమలాదేవికి అన్నం సహించలేదు.

"నన్ను రేపే రమ్మనున్రి బేగం సాహెబా. కాయితం తర్వాత జూస్కుందాం."

"నాకు లేదా ఆశ, బహెన్?" అంది ఖైసర్ బేగం. "దఫ్తర్ మంజూరు లేంది నిన్ను క్లాసుల నిలవెడితే ముందుగాల నా నౌకరీ పోతది. గా షఫీఉద్దీన్ సాబ్ ఏమడిగితే అది ఇచ్చెయ్."

"ఆయన కాలిపోయిందాన్ని అడుగుతున్నడు!"

మళ్లీ దఫ్తరు. ఈసారి షఫీఉద్దీన్ దారి వెతికి పెట్టాడు. అదే బడిలో పనిచేసిన మరొకరెవరైనా, ఈమె అక్కడ టీచరుగా ఉన్నదని రాసి దస్తఖతు చేస్తే చాలట. విమలాదేవి రంగూన్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కడున్నారంటే అక్కడికి పోయింది. కాచిగూడలో ఒక చెక్కల వ్యాపారి దొరికాడు. సికింద్రాబాదులో ఒక కంపౌండరు దొరికాడు. బడి మనిషి మాత్రం ఒక్కరూ దొరకలేదు.

శ్రావణంలో ఒక పొద్దున మాదన్నపేట మార్కెట్లో బెండకాయలు ఏరుకుంటుంటే వెనక నుంచి కేక వినబడింది. "సయామా! ఓ సయామా!"

బర్మా భాషలో ఆడ పంతులమ్మను పిలిచే పిలుపు అది. ఏడు నెలలుగా వినలేదు. బెండకాయలు చేతిలోంచి జారిపోయాయి. తోటకూర కట్టల వెనక నిలబడి చేతులూపుతున్నది పుష్పమ్మ. రంగూన్ బడి ఆయా. నల్లగొండ పల్లె నుంచి మొగుడితో కూలికి పోయి, అతను పోయాక ఆ బడిలోనే పద్దెనిమిదేళ్లు గంట కొట్టింది, చిన్నపిల్లల ముక్కులు తుడిచింది. ఇప్పుడు మాదన్నపేటలో చెల్లెలి ఇంట్లో ఉంటోంది.

ఇద్దరూ ఆ కూరల మధ్యే ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. కొనేవాళ్లు పక్కకు తప్పుకున్నారు.

"హార్లీ మిస్సమ్మ బతికే ఉన్నదా?"

"ఎర్కలేదు సయామా. గంట గూడ పీక్కొచ్చెటిదాన్ని, మస్తు బరువుండె."

మర్నాడే పుష్పమ్మను వెంటబెట్టుకుని దఫ్తరుకు పోయింది. పుష్పమ్మ ఉతికిన చీర కట్టుకుంది. గుమాస్తా ముందు నిలబడి, అడగకముందే మొదలుపెట్టింది. "గీ సయామా పొద్దుగాల ఎనిమిదింటికి వచ్చేది సాబ్. వానలకు గూడ ఆగకపోయేది. పెద్ద పోరగాండ్లు గూడ ఈమెకు భయపడేది. పిడికెడంత పిల్లగాండ్లకు సముద్రాలు నోటికి రావాలె, లేకుంటే ఇంటికి పోనియ్యకపోయేది."

షఫీఉద్దీన్ శ్రద్ధగా విన్నాడు. "మీరు ఏం పని జేసేది, అమ్మా?"

"ఆయాని."

"దస్తఖత్ చేస్తరా?"

"ఏలిముద్ర ఏస్త."

ఆయన కలం కింద పెట్టాడు. కాయిదా ప్రకారం సాక్షి టీచరుకు తక్కువ కాని హోదాలో ఉండాలి. ఆయా వేలిముద్ర చెల్లదు. ఆ మాట పుష్పమ్మ ముఖం చూసి చెప్పలేక బల్ల వైపు చూస్తూ చెప్పాడు.

అప్పుడు విమలాదేవికి ఓర్పు నశించింది. "సాబ్! నేను చెప్తే నమ్మరు. ఈమె చెప్తే చెల్లదు. బడి కాలిపోయింది. ఊరు జపానోడు గుంజుకున్నడు. ఇగ నేను తొమ్మిదేండ్లు పాఠం చెప్పిన్నని ఎవరు చెప్పాలె? ఆ సముద్రం వచ్చి చెప్పాల్నా?"

పక్క బల్లల గుమాస్తాలు కలాలు ఆపి చూశారు. షఫీఉద్దీన్ కోప్పడలేదు. మంచినీళ్లు తెప్పించాడు. ఆ నీళ్ల గ్లాసును చూసి ఆమెకు నెత్తి బాదుకోవాలనిపించింది.

"ఒక్కటే తొవ్వ ఉన్నది," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "కొత్త ఉస్తానీగ దరఖాస్తు పెట్టున్రి. కొత్తోల్లకు సర్టిఫికెట్ అక్కర లేదు. మీ మెట్రిక్ ఇక్కడిదే, రిజిస్టర్ల పేరున్నది. గని తజుర్బా, గదే అనుభవం, అనే ఖానా ఉంటది. అండ్ల 'లేదు' అని రాయాలె."

"అంటే నేనెన్నడు బడి మొఖం చూడలేదని రాయాలె."

"రాస్తే వారంల ఆర్డరు వస్తది."

ఆ కాగితం తీసుకుని బయటికి వచ్చింది. పుష్పమ్మ దారంతా తిడుతూనే ఉంది. "లేదని ఎట్ల రాస్తవ్ సయామా? నువ్వు లేకుంటే ఆ తొమ్మిదేండ్లు నేను గంట ఎవలకు కొట్టిన? గోడలకా?"

ఇంటికి పోయి వైకుంఠానికి చెప్పింది. అతను మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుని విన్నాడు. "రాసెయ్," అన్నాడు. "నేను కంపెనీల పన్నెండేండ్లు చేసిన. ఆ కాయితాలన్ని కొండల నడుమ వానకు నానవెడితిని. ఇప్పుడు నేనెవర్ని? రాసెయ్ విమలా."

ఆమె రాయలేదు. రెండు రోజులు కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. కలం ముంచేది, సిరా ఆరిపోయేది. ముందు వరసలో కూర్చునే చీనా పిల్ల గుర్తొచ్చేది. ఇర్రావడి నది పేరు ఎప్పుడూ తప్పు రాసేది ఆ పిల్ల. ఎక్కడుందో ఏమయిందో. 'లేదు' అని రాస్తే ఆ పిల్ల కూడా లేనట్టే అనిపించేది. మూడో రోజు బియ్యం డబ్బా అడుగు కనిపించింది. అప్పుడు కూర్చుని రాసింది. గడిలో "సర్కారు బడుల్లో: లేదు" అని రాసింది. అది అబద్ధం కాదు. దాని కింద మిగిలిన చోటులో చిన్న అక్షరాలతో రంగూన్ బడి పేరు, తొమ్మిదేళ్లు, తరగతులు రాసుకుంటూ పోయింది. గడి చాలక అంచులోకి, అంచు చాలక కాగితం వెనక్కి పాకింది.

షఫీఉద్దీన్ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "హాషియా మీద రాయొద్దు అమ్మా," అన్నాడు దీనంగా.

"రాసిన సాబ్. ఇగ మీ ఇష్టం. చింపుతరా, చింపున్రి."

ఆయన మొహరు తీసి సిరాలో అద్ది, సరిగ్గా 'లేదు' అనే మాట పక్కన వేశాడు. అంచు జోలికి పోలేదు. "మొదటి ఖానా వరకే నేను చదివిన," అన్నాడు.

ఆర్డరు వారంలో రాలేదు. ఇరవై రోజులకు వచ్చింది. కింది గ్రేడు, కొత్తవాళ్ల జీతం. తీసుకుని ఖైసర్ బేగం దగ్గరికి పరుగెత్తింది. పుష్పమ్మ కూడా చూడటానికి వెంట వచ్చింది. ఖైసర్ బేగం ఆర్డరు చదువుతూ పుష్పమ్మను ఓరగా చూసి, "నువ్వు బడిల ఆయాగ చేసినవా? మా ఆయా నిన్ననే మానేసింది. రేపట్నుంచి వస్తవా?" అంది.

"వస్త బేగం సాబ్," అంది పుష్పమ్మ.

"కాయితాలు?" అంది విమలాదేవి, తనకే తెలియకుండా.

"ఆయాకు కాయితాలెందుకు బహెన్?" అంది ఖైసర్ బేగం.

విమలాదేవి గోడకు ఆనుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఖైసర్ బేగం మాత్రం ఆర్డరు అడుగు భాగం మళ్లీ చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"బహెన్, కోపం జెయ్యకు. నిన్ను తీసుకున్నది భూగోళానికి కాదు, అది తజుర్బా ఉన్నోల్లకేనట. కొత్త ఉస్తానీలకు ఖాళీ ఉన్న జాగ ఒక్కటే. కుట్టుపని."

"కుట్టుపనా?"

"సోమవారం నుంచి రా. సాలు చివర్ల మారుస్త. కసమ్."

"నాకు గుండీ గూడ కుట్టరాదు!"

ఇంటికి వచ్చేసరికి ఆమె ముఖం కందగడ్డలా ఉంది. చెప్పులు ఒక మూలకు, ఆర్డరు కాగితం ఒక మూలకు పోయాయి. దఫ్తరును తిట్టింది, కాయిదాను తిట్టింది, జపాను వాళ్లను తిట్టింది. తొమ్మిదేళ్లు సముద్రాలు చెప్పిన దానికి ఇప్పుడు సూదిలో దారం ఎక్కించడం చెప్పమంటున్నారని చెప్పింది.

వైకుంఠం మొదట దగ్గాడు. అది దగ్గు కాదని ఆమెకు ఒక నిమిషానికి గాని తెలియలేదు. మంచం పట్టీ పట్టుకుని నవ్వుతున్నాడు. ఆపుకోలేక, కళ్లలోంచి నీళ్లు కారేలా నవ్వుతున్నాడు. మే నెలలో గుమ్మంలో నిలబడ్డ రోజు నుంచి అతని నవ్వు ఆమె వినలేదు.

"నవ్వకున్రి! నా పానం పోతుంటే..." అని చేతికందిన దిండు విసిరింది. అది తగిలి ఇంకా నవ్వాడు.

కాసేపటికి తేరుకుని, "దారం తే," అన్నాడు. "సూది తే. నా పాత అంగీ ఒకటి తే."

"ఏమిటికి?"

"మా నాయిన దర్జీ. పదేండ్లు వచ్చేదాంక నేను ఆయన పక్కన్నే కూసున్న. సోమవారం దాంక నాలుగు దినాలున్నయి. కూసో."

ఆమె మంచం అంచున కూర్చుంది. సూది పట్టుకుంది. దారం ఎక్కించడానికే ఆరుసార్లు ప్రయత్నించింది. మొదటి కుట్టు వంకరగా పోయింది, రెండోది వేలిలోకి పోయింది. వైకుంఠం అంగీ అంచు తీసుకుని వెలుగుకు పట్టి చూశాడు.

"ఊహూ. విప్పు. మల్ల కుట్టు."

"బాగనే ఉన్నది గద!"

"కుట్టు పొడుగైంది. విప్పు."

పళ్లు కొరుకుతూ విప్పింది. మళ్లీ కుట్టింది. మళ్లీ విప్పమన్నాడు. పొద్దు గూకి గదిలో దీపం పెట్టే వేళకు బెత్తెడు అంచు తిన్నగా వచ్చింది. అతను దాన్ని వేలితో రాసి చూసి, తలూపి, రెండో వైపు తిప్పి ఆమె చేతికిచ్చాడు.