రోడ్డు వెంట పోయిన డేగ

జూన్‌లో ఒక పొద్దున టీ తాగుతూ ఫోనులో మ్యాపు తెరిచిన సగిన్‌కి, కొండ మీద ఉండాల్సిన చుక్క సరస్సు ఒడ్డు రోడ్డు మీద కనిపించింది.

డేగ రోడ్డు వంపులు పట్టి పోదు. దానికి రోడ్డుతో పనేమిటి? లోయ అడ్డమొస్తే లోయ మీంచి పోతుంది, నీళ్ళు అడ్డమొస్తే నీళ్ళ మీంచి పోతుంది. ఈ చుక్క మాత్రం మలుపు వచ్చిన చోటల్లా మలుపు తిరుగుతోంది. పెట్రోలు బంకు దగ్గర కాసేపు ఆగి మళ్ళీ బయల్దేరింది. ఏమైందని అడిగిన భార్య బురుల్ వైపు సగిన్ ఫోను తిప్పాడు. ఆమె చూసి, తుంచిన రొట్టెముక్క నోట పెట్టుకోకుండా గుడ్డ మీదే పెట్టేసింది. వాళ్ళు చూస్తుండగానే చుక్క ఆరిపోయింది.

ఆ చుక్క పేరు బార్చిన్. గూట్లోంచి బూరు కూడా రాలని పిల్లగా తెచ్చి, తన చేతి మీద పెంచి, పది చలికాలాలు నక్కల్నీ కుందేళ్ళనీ వేటాడించిన ఆడడేగ. పదేళ్ళయ్యాక దాన్ని కొండకి తిరిగి ఇచ్చెయ్యాలి. అది గూడు కట్టుకోవాలి, పిల్లల్ని పొదగాలి. మార్చి చివర్లో సగిన్ దాన్ని మోసుకుని మూడు కనుమలు దాటాడు. అక్కడ గొర్రెను కోసి, మాంసం ముందు పెట్టి, కాలి తాళ్ళు విప్పి వచ్చేశాడు. వదిలినవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. అది తాతలనాటి మాట. సగిన్ తల తిప్పలేదు, ఆ మాట నిలబెట్టాననే అనుకున్నాడు. కానీ విప్పేముందు దాని వీపుకి అగ్గిపెట్టెంత పెట్టె ఒకటి పట్టీలతో కట్టాడు. కళ్ళు మాత్రం ఫోనులో దాచుకుని తెచ్చుకున్నాడన్నమాట.

"కూతుర్ని అత్తారింటికి పంపి మెడలో గంట కట్టినట్టుంది," అని బురుల్ అప్పుడే అంది. అతను నవ్వేశాడు.

ఆ పెట్టెలు ఊళ్ళోకి వచ్చి రెండేళ్ళయింది. తెచ్చింది ఎల్దియార్, తాలూకా కేంద్రంలో ఫోన్లు బాగుచేసే కుర్రవాడు. ఎండకి చార్జి అవుతాయి, లోపల సిమ్ము ఉంటుంది, ఏ జీవానికి కడితే ఆ జీవం ఎక్కడుందో ఫోనులో చెప్తాయి. అబద్ధమెందుకు, మేలే జరిగింది. పోయిన శీతాకాలం మంచులో కూరుకుపోయిన ఎనిమిది గుర్రాల్ని ఆ చుక్కల్ని బట్టే తవ్వి తీశారు. తేనెపెట్టెల బరువు కొలిచేవీ, తొట్టిలో నీళ్ళు తగ్గితే చెప్పేవీ కూడా వచ్చాయి. అన్ని పెట్టెలూ ఒకటే తాళంతో వచ్చాయి: ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు. మార్చుకోండి, ఇంటికొక రహస్య అంకె పెట్టుకోండి అని ఎల్దియార్ ఇంటింటికీ తిరిగి చెప్పాడు. పెద్దవాళ్ళు వాణ్ణి చూసి నవ్వారు. మంద ఒకటే, మేత ఒకటే, కాపలా వంతులవారీ. నా గుర్రం తప్పిపోతే నువ్వు వెతుకుతావు, నీది పోతే నేను. తాళం మాత్రం ఇంటికొకటా? అందరికంటే గట్టిగా నవ్వింది సగినే. ఊరి జీవాలన్నీ ఒకే పేజీలో, ఒకే అంకెల వెనక ఉండేవి. డేగ పెట్టెను కూడా అతను అందులోనే చేర్చాడు.

మధ్యాహ్నానికి ఎల్దియార్ వచ్చి ఫోను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఊరివాళ్ళు కాక ఇంకెవరో మార్చి మొదటి నుంచీ ఆ పేజీ చూస్తున్నారని చెప్పాడు. మార్చి మొదట్లో ఊళ్ళోంచి బయటికి పోయిన పెట్టె ఒక్కటే. అది సగిన్ అమ్మిన ఎర్ర ఆడగుర్రం మెడలో ఉంది.

సగిన్‌కి కరాకోల్ పశువుల సంత కళ్ళముందు కట్టినట్టు కనిపించింది. కొన్నవాడి పేరు కెరిమ్‌కుల్. మర్యాదగా మాట్లాడే మనిషి, సరస్సు ఉత్తరపు ఒడ్డున ఇసుక మీద విహారానికి వచ్చేవాళ్ళని గుర్రాలెక్కించి బతుకుతాడు. గుర్రాన్ని అమ్మినవాడు దాని మెడపలుపు ఇవ్వడు, ఇస్తే పలుపుతో పాటు ఇంటి కలిసుబాటు పోతుంది. అందుకని సగిన్ పలుపు విప్పి నడుముకి చుట్టుకున్నాడు. పెట్టె సంగతి ఏ తాతా చెప్పిపోలేదు. దాన్ని వదిలేశాడు, అంకెలు చెప్పాడు, ఎలా తెరవాలో తనే వాడి ఫోనులో తెరిచి చూపించాడు. వారం తిరక్కుండా వాడికి తెలియనిది ఆ ఊళ్ళో ఏమీ లేకపోయింది.

"రెండేళ్ళ నుంచి మొత్తుకుంటున్నా బైకే," అన్నాడు ఎల్దియార్. బైకే అంటే వాళ్ళ మాటలో అన్న. అన్నని అంతకుమించి తిట్టకూడదు కదా.

సగిన్ మర్నాడు షేరింగు టాక్సీలో సరస్సు చుట్టి వెళ్ళాడు. ముందు కనబడింది గుర్రమే, జూలుకి రంగు రిబ్బన్లతో. దాని పక్కన కారు టైరు మీద గుచ్చిన కర్ర, ఆ కర్ర మీద బార్చిన్. కళ్ళు మూసే తోలు టోపీ ఉంది, వీపున పెట్టె లేదు. గొడుగు కింద కూర్చున్న కెరిమ్‌కుల్ అతన్ని చూసి లేచి రెండు చేతులతో చెయ్యి కలిపాడు.

"రా బైకే, రా. టీ తాగుదువు గానీ. నీ గుర్రం బంగారం, ఇంతవరకు ఒక్క పిల్లనీ పడెయ్యలేదు."

"ఆ డేగ ఎవరిది?"

"కొండది. కొండ ఇచ్చింది, తెచ్చుకున్నా."

"వల వేశావా?"

"వల దేనికి? కుందేలు కాలు పట్టుకుని చెయ్యి చాచా. రెండు చుట్లు తిరిగి తనే వచ్చి వాలింది. బాగా నేర్పావు."

సగిన్ డేగ చుట్టూ తిరిగి చూశాడు. వీపు మీది పెట్టె ఏదని అడిగాడు, ఆ మాటే ముందు నోటికొచ్చింది.

"విసిరేశా. పట్టీ ఒరుసుకుపోయి పుండు పడింది బైకే. నేనే మందు రాశా."

"నేను దాన్ని వదిలేశాను, తెలుసా నీకు? వదిలేశాను."

"నేననేదీ అదేగా. వదిలేశావు. వదిలినదాని మీద హక్కెవరిదో నువ్వే చెప్పు. నీకు తెలియని ఆచారమా?"

సగిన్‌కి తెలుసు. కొండకి ఇచ్చింది కొండది, కొండ మీద పట్టుకున్నది పట్టుకున్నవాడిది. తన తండ్రి ఇదే న్యాయం నలుగురిలో చెప్పగా విన్నాడు. పోలీసుల దగ్గరికి పోతే డేగని ఉంచుకునే అనుమతి కాగితం అడుగుతారు. ఇద్దరి దగ్గరా ఉండదు, డేగ పోయి నగరంలో జంతుశాల బోను చేరుతుంది.

ఇంతలో ఒక తండ్రి కూతుర్ని తీసుకొచ్చి, రెక్కలు విప్పిన ఫోటో కావాలన్నాడు. కెరిమ్‌కుల్ టోపీ తీసి, డేగను చేతికెక్కించుకుని మోచెయ్యి గుంజాడు. అది తూలి, కాలితాళ్ళకి తలకిందులుగా వేలాడుతూ టపటపా కొట్టుకుంది. పిల్ల జడిసి ఏడ్చింది. సగిన్ ఒక్క అంగలో వెళ్ళి, రొమ్ము కింద అరచెయ్యి పెట్టి దాన్ని లేపి, కోటు చుట్టిన తన చేతి మీద నిలబెట్టాడు. రొమ్ము ఎముక కత్తి అంచులా తగిలింది. పుండుతో వేట సాగక కొండ మీదే చిక్కిపోయిందన్నమాట. రెక్కల చివర ఈకలు కత్తెరతో కోసేసి ఉన్నాయి. అవి రాలి కొత్తవి రావడానికి రెండు వేసవులు పడుతుంది, అందాకా కొండ మీద వదిలితే ఆకలికి చస్తుంది.

అది తల వంచి అతని ముఖంలోకి చూసింది. గూట్లోంచి తెచ్చిన మొదటి వారం మాంసం కోసం చేసిన ఆ సన్నటి కూత పెట్టింది. పదేళ్ళలో మళ్ళీ ఎప్పుడూ పెట్టలేదు.

"చూశావా, నీ చేతి మీద ఎంత బుద్ధిగా ఉందో," అన్నాడు కెరిమ్‌కుల్. మనసులో లెక్క అయిపోయింది కాబోలు, గొంతు మెత్తబడింది. "సీజను అయ్యేదాకా ఉండిపోరాదూ బైకే? పట్టుకునేది నువ్వైతే కొట్టుకోదు. సెప్టెంబర్లో నువ్వే తీసుకుపో. చలికాలం దీన్ని మేపలేక నేనేం చేసుకుంటాను?"

వాణ్ణి ఆ ఇసుకలోనే పడేసి తన్నాలనిపించింది. చేతి మీద డేగ ఉంది. ఏడుపు మానిన పిల్లని తండ్రి మళ్ళీ ముందుకి తోస్తున్నాడు.

సగిన్ మెల్లగా చెయ్యి పక్కకి వాల్చాడు. కాలు నిలదొక్కుకోవడానికి బార్చిన్ రెక్కలు పూర్తిగా విప్పింది, కోసిన చివర్లు బారులుదీరి కనిపించాయి. తండ్రి మూడు ఫోటోలు తీసుకున్నాడు. టోపీ మళ్ళీ తొడిగింది సగినే. వేరేవాళ్ళు తొడిగితే అది తల విదిలించుకుంటోంది.

సాయంత్రం బురుల్ ఫోను చేసింది. అంతా చెప్పాడు, పుండు సంగతి కూడా. గంట మాట ఆమె ఎత్తలేదు. ఊళ్ళో ఎల్దియార్ ఇంటికొక తాళం పెట్టి పోయాడని చెప్పింది. పక్కింటివాళ్ళ మగగుర్రం నిన్నటి నుంచి కనబడకపోతే ముసలాయన ఒక్కడే కొండెక్కాడట, ఎవరికీ తెలియను కూడా తెలియలేదట.

"సెప్టెంబరు దాకా ఇక్కడే ఉంటాను," అన్నాడు సగిన్.

అవతల చెక్కపెట్టె మూత తీసిన చప్పుడైంది.

"వట్టి కోటు చుట్టుకుంటే గోళ్ళు దిగుతాయి," అంది బురుల్. "నీ తోలు తొడుగు పంపనా?"

"పంపు," అన్నాడు.