ఆరు కూతలు

నేను ఒక కుక్కర్ విజిల్‌ని. కుక్కర్‌ని కాదు, గమనించండి. మూత మీద కూర్చుని, లోపల ఆవిరి ఎక్కువైనప్పుడు లేచి, ఒక్క అరుపు అరిచి, మళ్ళీ కూర్చునే బరువుని. మనిషి బొటనవేలంత ఉంటాను. అయినా ఇంట్లో నాకున్న పలుకుబడి ఇంటి యజమానికి కూడా ఉండదు. ఆయన పది మాటలు మాట్లాడినా ఎవరూ లెక్కపెట్టరు. నా కూతలైతే వంటింట్లో ఒకరు, వసారాలో ఒకరు, స్నానాల గదిలో ఇంకొకరు లెక్కపెడతారు. ఆ తర్వాత మూడా, నాలుగా అని పోట్లాడుకుంటారు. గోడకి గడియారం, చేతికి గడియారం, ఫోన్‌లో గడియారం పెట్టుకుని, పప్పు ఉడికిందో లేదో నన్నడిగే ఈ మనుషులంటే నాకు మొదటినుంచీ ముచ్చటే.

ఫ్యాక్టరీలో నన్ను లేతు మీద తిప్పి, నడుమ సన్నటి బెజ్జం పెట్టి, తూకం వేశారు. తూకంలో పిసరంత తేడా వచ్చినవాళ్ళందరినీ పక్క డబ్బాలో పారేశారు. నేను నెగ్గాను. ఆ గర్వం నన్ను చాలా ఏళ్ళు వదల్లేదు.

మొదట తెనాలిలో వైదేహిగారనే లెక్కల టీచరుగారింటికి వెళ్ళాను. కందిపప్పుకి మూడు, బంగాళాదుంపకి రెండు. అంతే నా లోకం. పక్కవాటాలో చేప వేయిస్తే కిటికీలు మూసేసే ఇల్లు అది. వైదేహిగారికి ఒంగోలు బదిలీ అయినప్పుడు సామాను తగ్గించుకుంటూ, తన జాకెట్లన్నీ కుట్టిపెట్టిన పక్కవాటా దీనమ్మకి కుక్కర్ని ఇచ్చేశారు. చింతపండుతో రెండుసార్లు తోమించి మరీ ఇచ్చారు. దీనమ్మ ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చీ రాగానే అందులో వేటమాంసం వండింది. ఆ వాసనకి మొదట తల తిరిగింది గానీ, అబద్ధం ఎందుకు, మూడో ఆదివారానికల్లా ఎదురుచూడటం మొదలుపెట్టాను.

దీనమ్మ ముందుగదిలో మిషను తొక్కేది. నేను వంటింట్లో అరవగానే ఆమె కాలు ఆగేది. "రెండు" అని పైకే అనుకుని మళ్ళీ తొక్కేది. వేటమాంసానికి ఆరు. ఆరోది రాగానే కుట్టు సగంలో ఉన్నా సరే వదిలేసి వచ్చేది. మూత తీసి చూడటం, ముక్క నొక్కడం, అవేమీ లేవు. నేను ఆరు అన్నానంటే ఆరే. నన్ను అంతగా నమ్మిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆమెకి ఒక్కతే కూతురు, ఎస్తేరు. మంగళగిరిలో కాపురం. రెండుసార్లు కడుపు వచ్చి, నిలవకుండా పోయింది. ఆ రెండుసార్లూ దీనమ్మ మిషను ముందు కూర్చుని, తొక్కకుండా, చేతిలో గుడ్డ పట్టుకుని ఉండిపోవడం నాకు తెలుసు. మూడోసారి ఏడో నెల వచ్చింది. అన్నం చూస్తే చాలు వాంతి. పిల్ల చిక్కి సగమైంది. అలాంటిది ఒక మంగళవారం మధ్యాహ్నం, ఆసుపత్రిలో చూపించుకుని, చెప్పాపెట్టకుండా బస్సు దిగి వచ్చి, "అమ్మా, నీ చేతి వేటకూర తినాలనుంది. ఆకలేస్తంది" అంది.

ఆకలేస్తోందన్న ఆ మాటకి దీనమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ ఆ వేళకి మాంసం కొట్లు కట్టేస్తారు. అప్పుడు కొత్తగా కొన్న ఫ్రిజ్ గుర్తుకొచ్చింది. ఆదివారం మిగిలిన కిలో మాంసం స్టీలు డబ్బాలో పెట్టి, ఐసు కట్టే పై అరలో దాచి ఉంచింది. కుళాయి కింద డబ్బాని బోర్లిస్తే మాంసం డబ్బా ఆకారంలోనే దిగింది, రాయి మాదిరిగా.

భర్త సామ్యేలు గుమ్మంలో నిలబడి, "ఐసుగడ్డ అట్టాగే పెడతావా ఏంది?" అన్నాడు.

"పెడితే ఏమైద్ది? కింద మంటేగా. కరగదా?"

"ఏమో. కూతలు చూసుకో మరి."

వాళ్ళ అనుమానం నా దగ్గరికి వచ్చి ఆగిపోయింది. నన్ను తీసుకుని మూత మీద పెట్టింది దీనమ్మ.

ఆ రోజు నాకు లేవడానికే చాలాసేపు పట్టింది. కింద నుంచి వచ్చే ఆవిరినంతా ఏదో చల్లటిది తాగేస్తోంది. ఎస్తేరు రెండుసార్లు అడిగింది, ఇంకా కూయలేదేమిటని. చివరికి లేచాను. ఒకటి. ఆ తర్వాత అయిదూ గబగబా వచ్చేశాయి. నాకు అనుమానం రాలేదా అంటే వచ్చింది. కానీ నాకు వచ్చింది ఒకే ఒక్క మాట, ఆవిరి నిండిందని చెప్పడం. అదే చెప్పాను, ఆరుసార్లు.

దీనమ్మ ఆగలేదు. గరిటె కాడతో నన్ను ఎత్తిపట్టి ఆవిరి వదిలేసి, నన్ను గట్టు మీద పెట్టి, మూత తీసింది. పైన ఊడివచ్చిన నాలుగు ముక్కలూ పులుసూ అన్నంలో వేసి కూతురికిచ్చింది. పిల్ల ముద్ద కలుపుకుంటోంది. దానికిష్టమైన మూలుగబొక్క వేద్దామని దీనమ్మ గరిటె మధ్యలోకి దించింది. గరిటె దిగలేదు. గట్టిగా నొక్కితే మాంసం గడ్డ రెండుగా విడిపోయింది. పైనంతా ఉడికిన రంగు. లోపల ఎర్రటి పచ్చిమాంసం, దాని నడుమ ఇంకా ఐసు.

"ఎస్తేరూ! నోట్లో పెట్టమాకు!"

ఆ అరుపు ముందు నా కూతలు ఎందుకు పనికొస్తాయి? ఒక్క ఉదుటున వెళ్ళి కూతురి చెయ్యి పట్టేసుకుంది. ముద్ద చీర మీద పడింది. పిల్ల బిత్తరపోయి రెండో చెయ్యి కడుపు మీద పెట్టుకుంది.

"తిన్నావా? ఒక్క మెతుకైనా మింగావా?"

"లేదమ్మా. ఇంకా తిన్లా. ఏమైంది?"

దీనమ్మ నేల మీద కూలబడింది. "ఆరూ వచ్చినయ్యే! నేనే లెక్కబెట్టా! పచ్చిమాంసం పెట్టాను తల్లీ, నా చేత్తో నేనే పెట్టాను" అని ఏడ్చింది. ఎస్తేరు పక్కన కూర్చుని తల్లి వీపు నిమిరింది. ఆకలితో ఉన్నది కూతురు, ఓదారుస్తున్నదీ కూతురే.

కాసేపటికి దీనమ్మ లేచి, ఆ గడ్డని ఏ ముక్కకా ముక్క విడదీసి, నీళ్ళు పోసి మళ్ళీ పొయ్యెక్కించింది. ఈసారి నన్ను పెట్టలేదు. పళ్ళెం మూతేసి గంటన్నర పొయ్యి దగ్గరే నిలబడింది. మిషను దగ్గరికి పోలేదు. ఒక్కొక్క ముక్కనీ తుంచి ఎముక దాకా చూసింది. నాలుగు గంటలకి ఎస్తేరు తింది, మారు కూడా అడిగింది. వాంతి కాలేదు.

గిన్నెలన్నీ కడిగాక నన్ను అరచేతిలో పెట్టుకుంది. "నువ్వు కూడా అబద్ధమాడావా?" అంది. కొట్టినా బాగుండేది. నేను అబద్ధమాడలేదమ్మా, నాకు తెలిసింది ఆవిరి సంగతే, నాకు జానెడు కింద ముక్క గుండెలో ఏముందో నాకెప్పుడూ తెలియదు అని చెప్పాలనిపించింది. నేను కందిపప్పు రోజుల నుంచీ అన్నీ తెలిసినవాడిలాగే అరిచాను కదా, ఇప్పుడు తెలియదంటే ఎలా?

తర్వాత వారం ఎస్తేరు ఫోన్ చేసింది. "డాక్టరమ్మనడిగానమ్మా. ఐసుతో వండటం తప్పు కాదంట. గడ్డగా వండటమే తప్పంట. ముక్కలు విడివిడిగా ఉండాల, మామూలు కంటే ఇంకో సగం సేపు ఉడకాల, లోపల చూసుకోవాల. కరగబెట్టుకోవాలంటే ముందురోజే కింద అరలో పెట్టుకోమంది. గట్టు మీద పొద్దస్తమానం వదలమాకు." అప్పటినుంచి దీనమ్మ మాంసాన్ని కవర్లో పల్చగా పరిచి దాస్తుంది. నన్నూ పెడుతుంది, లెక్కా పెడుతుంది, కానీ చివర్లో ముక్క తుంచి చూడందే ఎవరికీ వడ్డించదు. మొదట్లో చిన్నతనంగా ఉండేది. పోనుపోను హాయిగా ఉంది. నమ్మించుకోవడం కూడా ఒక బరువే, నా బరువు నాకు చాలు.

రెండు నెలలకి ఎస్తేరుకి ఆడపిల్ల పుట్టింది. మిర్యాము.

కుక్కర్ అడుగు ఉబ్బి పాత సామాన్ల బండి ఎక్కిన రోజున, దీనమ్మ చివరి నిమిషంలో నన్ను ఊడబీకి కొంగులో వేసుకుంది. ఇప్పుడు మిషను బల్ల మీద ఉంటాను. ఆమె గుడ్డ కత్తిరించేటప్పుడు జారకుండా అంచు మీద కూర్చుంటాను. మాట్లాడే పని లేదు. వంటింట్లో కొత్త కుక్కర్, దానికో కొత్త విజిల్. వాడికి తూకం నెగ్గిన గర్వం ఇంకా దిగలేదు.

ఈ వేసవి సెలవులకి మిర్యాము వచ్చింది. తొమ్మిదేళ్ళు. దీనమ్మకి చెవులు దాదాపు పోయాయి. ఆదివారం ఆ కొత్త విజిల్ వంటింట్లో అరుస్తుంటే ఆమె కాలు ఆగలేదు, తొక్కుతూనే ఉంది. మిర్యాము ఎదురుగా వచ్చి ఆరు వేళ్ళు చూపించింది. దీనమ్మ నవ్వి, నా మీద ఒకసారి చెయ్యి ఆనించి, లేచి వంటింట్లోకి వెళ్ళింది. మూత తీసింది. ఒక ముక్క తుంచి, కిటికీ వెలుగులో పట్టి ఎముక దాకా చూసింది. ఊది, మనవరాలి నోట్లో పెట్టింది.

"ఉడికిందా?"

ముందుగదిలో మిషను బల్ల మీద నుంచి నేనూ చూస్తున్నాను. అమ్మమ్మకి వినబడదని పిల్లకి తెలుసు. నోరు నిండుగా పెట్టుకుని, గట్టిగా తల ఊపింది.