తాళం లేని పిన్ను

సమ్మన్నకు ఆ పిన్ను మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళు బొగ్గుబాయిలో పట్టాల మీద బొగ్గు టబ్బులు లాగించిన మనిషి. వాలంటరీ రిటైర్మెంటు తీసుకుని బయటికొచ్చేటప్పుడు తోటివాళ్ళు గోడగడియారాలు పట్టుకెళ్తే, ఈయన మాత్రం టబ్బుకూ టబ్బుకూ తగిలించే ఇనప పిన్నొకటి అడిగి మరీ తెచ్చుకున్నాడు. మూరెడు పొడుగు, ఒంటిచేత్తో ఎత్తితే చెయ్యి లాగేంత బరువు.

తొంభై ఎనిమిది ఎండాకాలంలో చంద్రపూర్ నీళ్ళకు కటకటలాడుతుంటే పాత ట్రాక్టరొకటి, నీళ్ళ ట్యాంకరొకటి కొన్నాడు. రెంటినీ కలిపే పిన్ను కోసం బజారుకు వెళ్తే, సామాన్ల దుకాణం అనంతరావు కొత్త పిన్నొకటి చేతిలో పెట్టాడు. దాని కింది కొసకు చిల్లు ఉంది, ఆ చిల్లులో దూర్చడానికి క్లిప్పు ఉంది.

"క్లిప్పు లేని పిన్ను పెట్టకు సమ్మన్నా. గతుకులల్ల ఎగిరి బయటికొస్తది. గీ గొలుసు గుడ తీస్కపో. పిన్ను ఊడినా బండిని పోనియ్యది" అన్నాడు అనంతరావు.

సమ్మన్న పకపకా నవ్వాడు. "పన్నెండు టబ్బులు గుంజిన పిన్నున్నది నా తాన. గీ పుల్లముక్క నాకెందుకు సేటూ?"

సరాసరి వెల్డింగ్ షాపుకు పోయి, ట్రాక్టరు వెనక హుక్కు రంధ్రాన్నే పెద్దది చేయించి తన బాయి పిన్నును అందులోకి దింపాడు. ఆ పిన్నుకు పైన తల ఉంది గానీ కింద చిల్లు లేదు. బాయిలో టబ్బులు లాగే తాడు ఎప్పుడూ బిగువుగా ఉంటుందనీ, పట్టాల మీద గుంతలుండవనీ ఆ మహానుభావుడికి తట్టనే లేదు. విరగని పిన్ను ఊడదనుకున్నాడు. చూడవచ్చిన ప్రతివాడి ముందూ దాన్ని సుత్తితో కొట్టి చూపించి, "ఏనుగును కట్టుండ్రి, ఏం గాదు" అని తాముండే బాబుపేట్ బస్తీ అంతా డప్పు కొట్టుకున్నాడు.

ఆ వారంలోనే ఒకరోజు పొద్దున, కింది గల్లీలో సగం నీళ్ళు పోసి, మిగతా సగంతో పై గల్లీకి ఎక్కుతున్నాడు. అది నిటారు ఎత్తు, నిండా గతుకులు. అక్కడి ఆడవాళ్ళకో పద్ధతి ఉంది. ఎవరి బిందె ముందు ట్యాంకరుకు తగిలితే వాళ్ళదే మొదటి వంతు. అందుకని బండి ఆగకముందే ముప్పై మంది దాని వెనకాల బిందెలు ఆనించుకుని నడుస్తారు. చంకల్లో పిల్లలు సరేసరి. వాళ్ళ మధ్యలోనే సమ్మన్న భార్య రుక్కమ్మ. నల్లా తిప్పి నీళ్ళు పోసేది ఆమే.

ఎత్తు సగం ఎక్కాక సమ్మన్న యథాలాపంగా వెనక్కి చూశాడు. హుక్కు మీద ఆని ఉండాల్సిన పిన్ను తల జానెడు పైకి లేచి ఉంది. చూస్తుండగానే చక్రం గుంతలో పడింది. పిన్ను ఇంకో వేలెడు లేచింది.

ఆపుదామని కాలు బ్రేకు మీదికి పోయి, అక్కడే బిగుసుకుపోయింది. ఆపితే సగం ట్యాంకులోని నీళ్ళు ముందుకు పొర్లుతాయి, హుక్కు వదులవుతుంది, పిన్ను ఊడుతుంది. లాగుతున్నంతసేపే ఆ బిగువుకు అది నిలుస్తుంది. ఊడిందా, రెండు వేల లీటర్లు వెనకున్న ఆడవాళ్ళ మీదికి దొర్లుతాయి.

"జరగుండ్రి! బండికి దూరం జరగుండ్రి!" అని అరిచాడు.

"సూసిన్రా, మన నీళ్ళు ఇంకెవలకో పోస్తుండు! ఇడువకుండ్రి!" అని బిందెల గుంపులోంచి ఎదురు అరిచింది నర్సక్క. అందరూ ఇంకా దగ్గరికి వచ్చి ట్యాంకరును కరుచుకున్నారు.

పిన్ను ఊడుతోందన్న మాట గొంతు దాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగింది. దాని బదులు నోట్లోంచి ఇంకో మాట ఊడిపడింది.

"గవి తాగే నీళ్ళు గావు! బొగ్గుబాయి నీళ్ళు! పోరగాండ్లు సస్తరు!"

ఆ మాట పనిచేసింది. శాపనార్థాలు పెడుతూ అందరూ పది అడుగులు వెనక్కి తగ్గారు. సమ్మన్న ఊపిరి పీల్చుకోబోయాడు.

"అబద్ధం!" రుక్కమ్మ గొంతు ఖంగుమంది. "పొద్దుగాల దోసిలి పట్టి నేనే తాగిన. తియ్యటి నీళ్ళు. ఈయనకు ఎండ తలకెక్కింది, మీరు రాండ్రి!"

అని తనే ముందుగా ఉరికొచ్చి ట్యాంకరు మీద చెయ్యి వేసింది. ఆమె వెనక అందరూ వచ్చేశారు.

సమ్మన్నకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ నీళ్ళు మంచివని ఆ గుంపులో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే, చక్రానికి అందరికంటే దగ్గరున్నదీ ఆమే. సమ్మక్క తల్లికి నిలువెత్తు బెల్లం బంగారం మొక్కుకుని, గేరు మార్చకుండా, వేగం పెంచకుండా, తగ్గించకుండా ఎక్కించాడు. ఒక గుంత, ఇంకో గుంత. పిన్ను కొస బొటనవేలంత మాత్రం లోపల మిగిలింది. చెమటకు స్టీరింగు జారిపోతోంది.

ట్రాక్టరు చదునుకొచ్చింది. ఆ వెంటే ట్యాంకరు చక్రాలూ వచ్చాయి. బ్రేకు వేశాడు. పిన్ను ఠంగుమని ఎగిరి రోడ్డు మీద పడింది. ట్యాంకరు ముక్కు నేలలో దిగబడి నిలిచిపోయింది.

ఆడవాళ్ళు బిందెల కొట్లాటలో పడ్డారు. వాళ్ళకేమీ తెలియదు. రుక్కమ్మ మాత్రం మొగుణ్ణి కడిగేద్దామని ముందుకొచ్చింది. దుమ్ములో పడున్న పిన్నును చూసింది. వెనక్కి తిరిగి ఆ ఎత్తును, ఆ జనాన్ని, చంకల్లో పిల్లలను చూసింది. అక్కడే కూలబడింది.

"నీకెప్పుడు తెల్సింది?"

"ఎత్తు నడిమిట్ల."

"పిన్ను ఊడుతుందని ఒక్క మాటంటే నేనే అందర్ని ఎల్లగొడుదు గద! నీళ్ళ మీద అబద్ధమెందుకు ఆడినవ్?"



"నవ్వుతరనుకున్న" అన్నాడు సమ్మన్న.

లేపుదామని చెయ్యి చాచాడు. రుక్కమ్మ ఆ చెయ్యి అందుకోలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో మొదటిసారి అతన్ని చూసి బెదిరి, కూర్చున్నచోటు నుంచే వెనక్కి జరిగింది.