పదహారు మీటల పెట్టె

డెట్రాయిట్ పడమటి పేటలోని వాద్యకారుల సంఘానికి ఆంబ్రోస్ టాలివర్ ఇరవై రెండేళ్లుగా కార్యదర్శి. డెబ్బై నాలుగేళ్ల మనిషి. ఒకప్పుడు ట్రాంబోన్ అనే ఇత్తడి బూర మాటెత్తితే ఆ ఊళ్లో ఆయన పేరే చెప్పేవారు. సంఘంలో చేరాలంటే సభ్యుల ముందు వాయించి మెప్పించాలి. ఆ వేసవిలో సిటీ బస్సు నడిపే రెనీటా వోమాక్ దరఖాస్తు పెట్టుకుంది. వాద్యం అన్నచోట ‘సాంప్లర్’ అని రాసింది.

"అదేం వాద్యం? వాళ్లూ వీళ్లూ వాయించినవి ముక్కలు కోసి అతికించే పెట్టె. దర్జీపని!" అన్నాడు ఆంబ్రోస్.

సంఘం అధ్యక్షురాలు లూసిల్ పియానో వాయిస్తుంది. ఆయనకంటే రెండేళ్లు పెద్దది. "దర్జీపని అంత తేలికైతే నీ కోటు నువ్వే కుట్టుకోకపోయావా?" అంది.

"సొంత ఊపిరి లేనిది సంగీతమేంటి లూసిల్?"

"నీ నోట్లో పళ్లు సొంతవేనా? అవి పెట్టుకునేగా ఊదుతున్నావ్!"

అక్కడున్న సభ్యులంతా ఘొల్లున నవ్వారు. ఆంబ్రోస్‌కి మాత్రం నవ్వు రాలేదు. ఆ పళ్లు కట్టించుకున్నప్పటి నుంచి పై స్వరాల మీద ఆయనకు పట్టు దొరకడం లేదు. అది ఎవరూ గమనించలేదని ఆయన నమ్మకం.

"సరే, రానీ. ఇంట్లో చేసుకొచ్చిన పాట మీట నొక్కి వినిపిస్తే కుదరదు. నేనూ నువ్వూ వాయిస్తుంటే మనతో కలవాలి," అన్నాడు. మధ్యలో ఉన్నట్టుండి పాట నడక తగ్గించాలని ఆయన ఎత్తు. యంత్రం తన లెక్కన తాను తాళం కొట్టుకుంటూ పోయి ఒంటరిగా దొరికిపోతుంది.

ఆదివారం చర్చి అయ్యాక అందరూ సంఘం హాల్లో చేరి చేపల వేపుడు తిన్నారు. రెనీటా చర్చి గౌనులోనే వచ్చింది. చంకలో పదహారు రబ్బరు మీటలున్న పెట్టె, చేతిలో ఒక మైకు.

"టాలివర్ గారూ, ఇది మీ ఇద్దరి మధ్య పెట్టుకోవచ్చాండీ? పెట్టె ఖాళీగా తెచ్చాను. శబ్దాలు మీ దగ్గరే తీసుకుంటాను."

"చూశారా, అడుక్కోవడంతోనే మొదలు!" అన్నాడాయన. అయినా మైకు పెట్టనిచ్చాడు.

నెమ్మదిగా సాగే ఒక బ్లూస్ పాట ఎత్తుకున్నారు. మొదటి చుట్టంతా ఆమె వింటూ కూర్చుంది. రెండో చుట్టులో వేళ్లు కదిలాయి. లూసిల్ కాలికింద పియానో పెడల్ చప్పుడు తాళమైంది. ఆంబ్రోస్ ఊపిరి లాగిన శబ్దం ఆ తాళం సందుల్లో దూరింది. ఆయన నడక తగ్గించాడు. ఆమె కూడా తగ్గింది. పెంచితే పెరిగింది. అప్పుడు చూశాడాయన, ఆమె కళ్లు పెట్టెమీద లేవు. ఊపిరి తీసేముందు లేచే ఆయన భుజం మీద ఉన్నాయి.

పంతం పట్టి పై స్వరానికి ఎక్కాడు. అది మధ్యలో పగిలింది, దుఃఖం ఆపుకోబోయి ఆపుకోలేని మనిషి గొంతులా. ఆంబ్రోస్ ట్రాంబోన్ దించేశాడు.

లూసిల్ ఆగలేదు. రెనీటా ఆ పగిలిన స్వరాన్నే ఒకసారి మోగించింది. ఆగింది. చాలాసేపు ఆగింది. మళ్లీ మోగించింది, ఇంకాస్త కిందికి దించి. వెనక వరసలోంచి ఎవరో చర్చిలో ప్రసంగం మధ్య అన్నట్టే "చెప్పమ్మా, చెప్పు" అన్నారు.

అయిపోయాక ఆంబ్రోస్ ఆమె దగ్గరికి వెళ్లాడు. "వాయించడానికి నా తప్పే దొరికిందా?"

"తప్పని అనిపించలేదండీ. మీరు వాయించినవాటన్నిట్లోకీ అదే మీరనిపించింది."

"చెరిపెయ్."

ఆమె ఒక మీట నొక్కింది. "పోయిందండీ."

 ఆయన యాభై ఏళ్లు గాల్లో కలిసిపోయే స్వరాలే ఊదాడు. ఒక్కదాని కోసమూ బాధపడలేదు. ఈ ఒక్కటీ ఇంకోసారి వినాలనిపించింది. దాన్ని మళ్లీ మోగించేముందు ఆమె ఆగిన తీరు మరీ గుర్తొచ్చింది. అలా ఆగడం నేర్చుకోవడానికే ఆయనకు పదేళ్లు పట్టింది.

ఓట్లకు ఏడు చేతులు లేచాయి, మూడు లేవలేదు. చివరి ఓటు కార్యదర్శిది.

"శబ్దం నాది. ఆ మాట ఇప్పటికీ వదలను," అన్నాడు ఆంబ్రోస్. "కానీ దాన్ని ఎక్కడ పెట్టాలో ఈ అమ్మాయికి తెలుసు. అది తెలిసినవాళ్లు ఈ గదిలో నలుగురో ఐదుగురో ఉంటారు."

"వాళ్లలో నేనున్నానా?" అంది లూసిల్.

"నీ సంగతి తర్వాత చూద్దాం," అని చెయ్యెత్తాడు.

ఇంటికెళ్లి వంటింట్లో నిలబడి ఆ స్వరం కోసం అరగంట ఊదాడు. వస్తే శుభ్రంగా వచ్చింది, లేదంటే అసలు రాలేదు. ఆ పగులు మాత్రం పిలిస్తే రాలేదు. చివరికి దరఖాస్తులో నంబరు వెతికి ఫోన్ చేశాడు.

"గురువారం సాధన ఉంది. ఆ పెట్టె పట్టుకురా. ఈసారి చెరపమనను."

"ఆరింటిదాకా బస్సు మీదే ఉంటానండీ."

"ఏడింటికి పెట్టుకుందాంలే," అన్నాడు ఆంబ్రోస్.